మా అత్త ఆ పేరు పలికిన రోజు

మా అత్తకు ఎనభై దాటాయి. ఆమె నాకు మేనత్త, మా నాయన చెల్లెలు, పేరు నాగరత్నమ్మ. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నా దగ్గరే ఉంటుంది. పోయిన నెల మా అమ్మాయి శ్రావణి వాళ్ల ఆఫీసులో, ఉద్యోగుల ఇంట్లోవాళ్లను పిలిచి అంతా తిప్పి చూపించే వేడుక ఒకటి పెట్టారు. మోకాళ్ల నొప్పులని ముందు రోజు దాకా మూలిగిన మనిషి, ఆ పొద్దున మాత్రం అందరికంటే ముందు జడ వేసుకుని గుమ్మంలో కూర్చుంది. మాదాపూర్‌లో ఆ అద్దాల మేడ పదకొండో అంతస్తుకు లిఫ్టులో పోతుంటే చెవులు దిబ్బడ వేశాయని నా చెయ్యి పట్టుకుంది. పైన ఒక చలాకీ పిల్ల మైకు పట్టుకుని పెద్దవాళ్లందరినీ ఒక్కో ప్రశ్న అడుగుతోంది. మా అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుని, "బామ్మగారూ, మీ రోజుల్లో ఆడవాళ్లకి అసలు ఆపర్చునిటీసే ఉండేవి కావు కదండీ? ఇప్పుడు మమ్మల్ని చూస్తుంటే ఎలా అనిపిస్తోంది?" అంది. అత్త కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, "చలి పెడతాంది తల్లీ. ఆ ఏసీ కొంచెం తగ్గిచ్చండి" అంది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కూడా నవ్వి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, పాపం ఆమెకు ఎవరు చెప్పారని, నా మీదే. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠం చెప్పిన నేను ఈ కథ ఒక్కసారి కూడా ఎక్కడా చెప్పలేదు, రాయలేదు. ఏటా ఇంగ్లండు చరిత్రలో విక్టోరియా రాణి కాలపు స్త్రీల గురించి ఒక పాఠం ఉండేది. అది చెప్పినన్నాళ్లూ నా కళ్ల ముందు లండన్ నగరం ఎప్పుడూ కనిపించలేదు. మూసాపేటలో మేమున్న రెండు గదుల కిరాయి ఇల్లు కనిపించేది, కిరసనాయిలు పొయ్యి ముందు కూర్చున్న మా అత్త కనిపించేది. ఇప్పుడు చెబుతాను.

మాది కడప జిల్లా. వానలు ముఖం చాటేసిన ఒక ఏడు, మా నాయన బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి మూసాపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాగా కుదిరాడు. ఇప్పుడు మెట్రో స్టేషన్ మెట్లు దిగే చోటికి కాస్త అవతల, వరసగా ఆరు ఇళ్లు ఉండేవి, అన్నిటికీ కలిపి ఒకే వాకిలి, ఒకే కుళాయి. మాది చివరిది. ఇంట్లో మేము నలుగురం: నాయన, ఆయన తల్లి అంటే మా అవ్వ, అత్త, నేను. మా అమ్మ నాకు ఐదేళ్లప్పుడే పోయింది. ఆ వెనకే అత్త పుట్టింటికి వచ్చేసింది. ఆమె మొగుడు ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకుని, "నువ్వూ ఉండు, నేనేం పొమ్మనలేదే" అన్నాడట. అత్త ఒక ట్రంకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది. తల్లి లేని పిల్లకు అత్త దొరికింది, నిలువనీడ లేని అత్తకు పిల్ల దొరికింది అని మా అవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వినడానికి బాగానే ఉండేది. ఆ మాటలో అత్తను ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి నాకు పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా తట్టలేదు.

మా ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు, ఫ్యాక్టరీ కూత వినేవాళ్లు. మొదటి కూతకు అత్త లేచేది. రెండో కూతకు నాయన స్నానం ముగించి ఉండాలి. మూడో కూత పడేసరికి ఆయన సైకిలు వీధి మలుపు తిరిగేది. ఈ మూడు కూతల మధ్య అత్త కుళాయి దగ్గర వంతు నిలబడి నీళ్లు పట్టేది, వాకిలి ఊడ్చేది, రాగి సంగటి కెలికేది, చెనిగ్గింజలు, అంటే వేరుశనగలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరేది. రోట్లో పచ్చిమిరపకాయ నలిగిన ఘాటు, కిరసనాయిలు వాసన, నాయన చొక్కాకు పట్టిన యంత్రాల నూనె వాసన, ఇవి మూడూ కలిస్తే మా ఇల్లు. అవ్వ మంచం మీద కూర్చుని ఆకు నములుతూ, "రత్నా, ఉప్పు చూసినావా, రత్నా, పాపకు జడేసినావా" అని అరుస్తూ ఉండేది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది అత్త తినేది, అదీ కూర్చుని కాదు, పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని. ఎవరైనా చుట్టాలు వస్తే నాయన ఆమెను "మా చెల్లెలు" అని పరిచయం చేసి, ఆ వెంటనే ఎందుకో గొంతు సవరించుకునేవాడు. అత్త చీరలో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయేది. మా నాయన చెడ్డవాడు కాదు. చెల్లెలికి ఏడాదికి రెండు చీరలు తెచ్చేవాడు, ఒక్క మాట గట్టిగా అనేవాడు కాదు. ఆమెకు రోజు ఎలా గడుస్తోందని మాత్రం ఎప్పుడూ అడగలేదు, ఆ మాటకొస్తే నేనూ అడగలేదు.

నేను నగరంలో తెలుగు మీడియంలో బీఏ చదువుతున్నాను. పాఠాన్ని పైకి చదివితే గానీ నాకు బుర్రకెక్కేది కాదు. సాయంత్రాలు అత్త చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఎదురుగా కూర్చుని గట్టిగా చదివేదాన్ని. అత్త ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. మొఘలులు, ఫ్రెంచి విప్లవం అన్నీ ఆ చేట పక్కనే వినేసింది. తల ఎత్తకుండానే మధ్యలో ప్రశ్నలు వేసేది, నాకు జవాబు తెలియకపోతే "మళ్లీ చదువు" అనేది. ఆ రోజు విక్టోరియా రాణి కాలపు స్త్రీల పాఠం. మధ్యతరగతి స్త్రీలకు గౌరవప్రదమైన ఏకైక వృత్తి గవర్నెస్ వృత్తి అని ఉంది. గవర్నెస్ అని తెలుగు అక్షరాల్లో వేసి ఊరుకున్నారు తప్ప అదేమిటో రాయలేదు.

"గవర్నెస్సంటే ఎవురు పాపా?" అంది అత్త.

నేను తడుముకోకుండా చెప్పాను. డాక్టరు భార్యను డాక్టరమ్మ అంటాం, కలెక్టరు భార్యను కలెక్టరమ్మ అంటాం, కాబట్టి గవర్నెస్ అంటే గవర్నరు గారి భార్య అన్నాను. మనకు మొగుడి ఉద్యోగానికి ఒక అమ్మ తగిలిస్తే పెండ్లాం హోదా వచ్చేస్తుంది కదా, ఇంగ్లీషువాళ్లు కూడా అంతేననుకున్నాను. అత్త సరేనంది. నేను ముందుకు చదివాను. గవర్నెస్‌లు ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పేవారు, యజమానులతో కలిసి భోజనం చేసే అర్హత లేదు, పనివారితో కలిసి తింటే పరువు తక్కువ, అందుచేత తమ గదిలో ఒంటరిగా తినేవారు. అత్త చెయ్యి చేటలో ఆగిపోయింది.

"గవర్నరు పెండ్లానికి అంత ఖర్మేంది? ఊర్లోళ్ల పిల్లోళ్లకు చదువు చెప్పడమేంది, గదిలో ఒక్కతే కూచ్చోని తినడమేంది? సరిగ్గా చదువు పాపా."

మళ్లీ చదివాను. అలాగే ఉంది. గవర్నరు ఆమెను వదిలేశాడేమో అన్నాను. "అట్లయినా గానీ" అని అత్త ఒప్పుకోలేదు. మర్నాడు కాలేజీలో మా చరిత్ర మేడమ్‌ను లేచి అడిగాను, "గవర్నరు గారి భార్య ఎందుకండీ అలా ఉండేది?" అని. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత పరీక్షలయ్యేదాకా నన్ను గవర్నరమ్మా అనే పిలిచారు. మేడమ్ కూడా నవ్వి, గవర్నెస్ అంటే ఏమిటో వివరంగా చెప్పింది. చదువుకున్నదై ఉండి, పోషించే దిక్కు లేని ఆడమనిషి, కలిగినవాళ్ల ఇంట్లోనే ఉండి వాళ్ల పిల్లలను చూసుకుంటూ చదువు చెబుతుంది. ఆమె ఇంటి మనిషీ కాదు, పనిమనిషీ కాదు. ఇంటికి రాగానే ఆ మాటలు ఆ మాటలుగా అత్తకు చెప్పి, నా తెలివితక్కువకు నేనే నవ్వాను. అత్త నవ్వలేదు. చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసి, "ఓహో, నా మాదిరా" అంది, బియ్యం బాగున్నాయి అన్నంత మామూలుగా.

నేను పుస్తకం మూయబోయాను. అత్త మాత్రం పాఠం వదల్లేదు. "మరి ఆ కాలంలో లేనోళ్ల ఆడోళ్లు ఏం చేస్తాండిరి?" అంది. బట్టల మిల్లుల్లో పనికి పోయేవారని చదివాను. "వాళ్లు యాడ తింటాండిరి?" అంది. అది పుస్తకంలో లేదు. వాళ్ల ఇళ్లలో వాళ్లే తినేవారేమో అన్నాను. "ఎవురి బతుకు మేలని రాసినారు?" అంది. గవర్నెస్‌ది గౌరవమైన వృత్తి అని ఉంది అన్నాను. "గౌరవం ఎవురికి? పెట్టుకున్నోళ్లకా, ఉన్నదానికా?" తర్వాత పెద్ద చదువు చదివాక తెలిసింది, ఆ మిల్లుల్లో ఆడవాళ్ల ఊపిరితిత్తులు దూదితో నిండిపోయేవని, వేళ్లు తెగేవని, పెళ్లయిన ఆడదాని కూలి డబ్బు చాలాకాలం చట్టప్రకారం మొగుడిదేనని. మిల్లు పని స్వర్గమని నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. అయినా ఆ పాఠం చెప్పినప్పుడల్లా మా అత్త అడిగిన ప్రశ్న పిల్లలను అడిగేదాన్ని, ఎవరు అడిగారో మాత్రం చెప్పేదాన్ని కాదు.

మా పక్కింట్లో యాదమ్మ ఉండేది. ఆమె ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఊడ్చే పని చేసేది. ఒకరోజు కుళాయి దగ్గర బిందె పెట్టి, "రత్నమ్మక్కా, మా కంపెనీల ఆడోళ్లను తీస్కుంటున్నరట. రేడియోల పడే పలకలుంటయి సూడు, గవి కుట్టినట్టు తయారు జెయ్యాలె. ఎనిమిది సదివితే సాలంట. నువ్వు జర దరఖాస్తు పెట్టరాదు" అంది. అత్త తన బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం ట్రంకు పెట్టె తెరిచి, అడుగున చీరల కింద దాచిన బడి సర్టిఫికెట్టు తీసి నా చేతిలో పెట్టి, "దరఖాస్తు రాయి" అంది. అందమైన అక్షరాలతో రాశాను. అప్పుడు అదేదో ఆటలా అనిపించింది. ఆమెను తీసుకుంటారని నేను అనుకోలేదు.

నాయన ముందు ఈ మాట వచ్చింది ఆదివారం అన్నాల దగ్గర. ఆయన కోప్పడలేదు, బాధపడ్డాడు. "కంపెనీలో పనేందమ్మా? నేను గుమాస్తాగా చేసే ఊర్లో నా చెల్లెలు కూలికి పోవల్లా? బడిలో పంతులమ్మగా పోతానను, నేనే సైకిలు మింద దింపొస్తా. లేకుంటే ఇంట్లోనే నలుగురు పిల్లోళ్లకు అక్షరాలు చెప్పుకో, పరువుగా ఉంటాది" అన్నాడు. అత్త పచ్చడి వడ్డిస్తూ, "గవర్నెస్ ఉద్యోగమా అన్నా?" అంది. ఆయనకు అర్థం కాలేదు. నేను తల వంచుకుని అన్నం కలిపాను. అప్పుడు అవ్వ అసలు సంగతి ఎత్తింది: "ఇది పొద్దన్నే పోతే పొయ్యి ఎవురు ముట్టిస్తారు? పాపను కాలేజీ మానిపిచ్చల్ల." నాయన నావైపు చూశాడు. ఆయనకూ ఆ దారి తప్ప ఇంకోటి తోచినట్టు లేదు. నేనూ అదే అనుకున్నాను. ఇంట్లో పొయ్యి ముందు ఒక ఆడమనిషి ఉండాలి, అత్త లేస్తే ఆ పీట మీద నేను కూర్చోవాలి, అంతేకానీ పీట ఖాళీగా ఉండొచ్చని మా నలుగురిలో ఒక్కరికీ తోచలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. పది రోజులకు పోస్టులో ఇంటర్వ్యూకు రమ్మని కార్డు వచ్చింది. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. నేను దాన్ని చరిత్ర పుస్తకంలో పెట్టి, పుస్తకం సంచిలో పెట్టి, కాలేజీకి వెళ్లిపోయాను. ఇంకో రెండు రోజుల్లో ఇంటర్వ్యూ. కార్డు చేరకపోతే అత్త వెళ్లదు, నా చదువు సాగుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ సాయంత్రం అత్త నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఆముదం రాసి చిక్కు తీస్తూ, "పోస్టేమన్నా వచ్చిందా పాపా?" అంది. లేదన్నాను. "వస్తాదిలే" అని జడ అల్లడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్లుగా ప్రతిరోజూ అల్లిన జడ అది. నా తల్లి కూడా అంతకంటే బాగా చూసుకుని ఉండదు, ఆ చేతులకే నేను ఎసరు పెట్టాను. ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు మొదటి కూతకే లేచి, కుళాయి దగ్గర బిందె నింపుతున్న అత్తకు కార్డు ఇచ్చి, నిన్ననే వచ్చిందని చెప్పాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కార్డు తిప్పి చూసి, "సరే, ఇచ్చినావు కదా" అంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇంటర్వ్యూకు తోడుగా నన్ను పంపింది అవ్వే. అందుకు ఒక కారణం ఉంది. దరఖాస్తులో రాసినా, అక్కడ మళ్లీ మొగుడి పేరు అడుగుతారు. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. రేషన్ షాపులో, ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పించేవాళ్లు. మా అత్త సంగతి ఇంకా చిక్కు. ఆమె మొగుడి పేరు గోవిందరాజులు. పాపం ఆమె తిరుమల కొండ మీద కూడా గోవిందా అనలేదు. జనమంతా గోవిందా గోవిందా అని మోగిపోతుంటే మా అత్త పెదవులు బిగించి దండం పెట్టేది. "పేరు అడిగితే నువ్వు చెప్పు పాపా, అది నోరు తెరవదు" అని అవ్వ నాకు రెండుసార్లు చెప్పి పంపింది.

కంపెనీలో ముందు చేతిపని పరీక్ష పెట్టారు. అరచేయంత పలకలో సూది మొనంత రంధ్రాలు, వాటిలోకి వెంట్రుకల్లాంటి తీగలు దూర్చాలి. పక్కన చదువుకున్న అమ్మాయిలు తడబడుతుంటే, మా అత్త బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినంత సులువుగా దూర్చేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఒక పెద్దాయన బల్ల అవతల కూర్చుని కాగితం చూస్తూ వరసగా అడిగాడు. పేరు, వయసు, ఊరు. "మీ ఆయన పేరేంటమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచాను. అత్త నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"గోవిందరాజులు" అంది. "రాసుకోండి సార్. ఆయన వేరే ఉంటాడు. నేను మా అన్నోళ్లింట్లో ఉండాను."

ఆ పెద్దాయన రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు, ఆయనకు అదొక గడి నిండడం అంతే. పేరు చెప్పడానికి తెరిచిన నోరు నేను మెల్లగా మూసుకున్నాను. బయటికొచ్చి రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో నిలబడ్డాక అత్త చుట్టూ చూసి, మెల్లగా, "గోవిందా" అంది. తర్వాత కొంచెం గట్టిగా, "గోవిందా, గోవింద" అంది. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది. మన భాషలో ఆ మాటకు పోయింది, అయిపోయింది అని కూడా అర్థం ఉంది కదా. ఆ పెళ్లి ఆమె మనసులో ఎప్పుడో పోయి ఉంటుంది, పైకి అనడానికి మాత్రం ఆ పూట వీలు దొరికింది.

ఇంటికి వచ్చాక అవ్వ మొదట అడిగిన మాట, "పేరు నువ్వే చెప్పినావు గదా?" అత్త లోపలినుంచి, "లేదమ్మా, నేనే చెప్పినా" అంది. అవ్వ నోట్లో ఆకు నమలడం ఆపేసింది. ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం నాయన పనిలో ఉన్నాడు, అత్త బట్టలు ఉతకడానికి వెళ్లింది. అవ్వ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఎట్ల చెప్పింది? మెల్లిగానా, గట్టిగానా?"

"గట్టిగానే అవ్వా."

"అందరూ ఇనేటట్లా?"

"ఆ."

అవ్వ వాకిట్లో ఎవరూ లేరని చూసుకుంది. మా తాత పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఉన్నప్పుడు గానీ పోయాక గానీ ఆయన పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. "ఇంగ తగ్గేదానికి ఆయనకు ఆయుష్షేముందిలే" అని తనలో తాను అనుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "ఓబులేసు" అంది. తనకే సరిగా వినపడనట్టు మళ్లీ, "ఓబులేసు" అంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఏదో జరుగుతుందని చూస్తున్నట్టు కూర్చుంది. బయట ఎవరో బిందె దించిన చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఏం కాలేదు పాపా" అంది నావైపు తిరిగి. డెబ్బై ఏళ్ల మనిషి ముఖంలో అంత ఆశ్చర్యం నేను మళ్లీ చూడలేదు.

ఆ సాయంత్రం నాయన ఇంకా చెప్పులు విడవకముందే అవ్వ మొదలుపెట్టింది. "ఒరే, రత్న కంపెనీకి పోతాది. నువ్వు అడ్డం పడాకు." నాయన నీరసంగా, పాప చదువు ఏమవుతుందమ్మా అన్నాడు. "పాపా పోతాది కాలేజీకి. నీళ్లు నువ్వు పట్టు. సంగటి నేను కెలుకుతా, కూచ్చోని కెలకలేనా? నీకు చేతులు లేవా, నాకు చేతులు లేవా?" నాయన అత్త వైపు చూశాడు. అత్త పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, మొదటిసారి మా అందరి మధ్య చాప మీద కూర్చుంది. ఆయన చెప్పులు విడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

వారానికి ఉద్యోగంలో చేరమని కాగితం వచ్చింది గానీ, అదంతా ఆ పూటతో సుఖాంతం అయిందని చెబితే అబద్ధం. సంగటి చాలాసార్లు అడుగంటింది. కుళాయి దగ్గర ఆడవాళ్ల వరసలో బిందెతో నిలబడ్డ నాయనను చూసి వీధిలో మగవాళ్లు నవ్వారు, ఆయన చాలా రోజులు తల ఎత్తలేదు. చుట్టాలు కొందరు రావడం మానేశారు. నేను పొద్దున అంట్లు తోమి పరుగున బస్సెక్కేదాన్ని, చేతులకు బూడిద వాసన పోయేది కాదు. కంపెనీలోనూ తల ఎత్తనివ్వని పని, కళ్లకు మంట, కరిగించిన సీసం పొగ. అత్త సాయంత్రం వచ్చి కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. అయినా అందరితో పాటు కూర్చుని తినేది. కంపెనీ మూతపడేదాకా పనిచేసింది, చివర్లో కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు పని నేర్పే మనిషయింది. నేను ఎంఏ దాకా చదివాను. ఎప్పుడైనా చదువు మానేద్దామా అనిపిస్తే, ఒకరోజు పుస్తకంలో దాచిన ఆ కార్డు గుర్తొచ్చి సిగ్గుతో మళ్లీ పుస్తకం తీసేదాన్ని.

ఇప్పుడు మూసాపేటలో ఆ ఆరు ఇళ్లు లేవు. మెట్రోలో పోతుంటే కిటికీలోంచి ఆ చోటు చూపిస్తాను, అత్త చూసి తల ఊపుతుంది. శ్రావణి మెడలో కార్డు మీద ఆమె పేరొక్కటే ఉంటుంది, ఎవరి భార్య అని ఉండదు. మొగుణ్ణి కిరణ్ అని పేరు పెట్టి పిలుస్తుంది, ఎవరి ఆయుష్షూ తగ్గలేదు. ఇవన్నీ చిన్న విషయాలని నేను అనను. ఒక్కో దానికోసం ఎవరో ఒక పూట అన్నం మానుకుని ఉంటారని నాకు తెలుసు. కానీ పోయిన ఆదివారం శ్రావణి ఇంటికి వచ్చి సోఫాలో కూలబడి చెప్పిన సంగతి విన్నాక, నేను ముప్పయ్యేళ్లు చెప్పిన పాఠం ఇంకా అయిపోలేదనిపించింది. ఆఫీసులో ఆమెను మేనేజరును చేస్తామన్నారు. ఆ పని ఇప్పటిలా ఇంటినుంచి చేసేది కాదు, వారానికి ఐదు రోజులూ పొద్దున్నే మాదాపూర్ వెళ్లాలి. నాలుగేళ్ల నా మనవరాలిని పొద్దున బడికి ఎవరు తయారుచేస్తారు? శ్రావణి అత్తగారు, "ఇప్పుడున్న ఉద్యోగం బానే ఉంది కదమ్మా, ఇంటిపట్టున ఉంటున్నావ్" అన్నారట. ఆవిడా మంచి మనిషే, మా నాయన లాగా.

"మరి ఏం చేస్తావు?" అన్నాను.

"కిరణ్‌ని అడగాలి అమ్మా. తను ఓకే అంటే చూద్దాం. లేకపోతే నెక్స్ట్ ఇయర్."

అత్త కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం. కళ్లు తెరవకుండానే, "అడుగుతావా, చెబుతావా?" అంది.

శ్రావణి ఆమెవైపు, తర్వాత నావైపు చూసింది. సలహా చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఒకప్పుడు ఒకరి దారికి అడ్డంపడ్డ మనిషిని కదా, ఊరుకున్నాను. శ్రావణి ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. తలుపు వేసుకోలేదు. రోడ్డు మీద బస్సుల రొదలోనూ ఆమె గొంతు మాకు స్పష్టంగానే వినిపించింది.

"కిరణ్, నేను ఆ పోస్టు తీసుకుంటున్నా. ఒకటో తారీఖు నుంచి చిన్నదానికి పొద్దున జడ నువ్వే వెయ్యాలి. ఈ రోజే ఇక్కడికి వచ్చి నేర్చుకో."